మూగ స్లైడులకు మాట వచ్చిన చరిత్ర

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవం ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం మిత్రులు ఫోను చేసినప్పుడు నా దృష్టి బీరువా మీద ఉన్న ఒక రేకు పెట్టె మీద పడింది. అది బిస్కట్ల పెట్టె. అందులో 72 స్లైడులు ఉన్నాయి. రెండంగుళాల చదరపు అట్టచట్రంలో బిగించిన చిన్న ఫిల్ము ముక్కలవి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే బొమ్మ కనిపిస్తుంది.

1977 నవంబరు 19న, శనివారం నాడు, దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంగతి మన సంఘంలో చాలామందికి చెప్పనక్కరలేదు. వేలాది మంది చనిపోయారు. ఆ తరువాతి వారాల్లో అక్కడ సబ్ డివిజను బాధ్యత మోసిన ఇంజనీరు గారు సొంత కెమేరాతో, సొంత డబ్బుతో తీసిన స్లైడులవి. ఎక్కడ కరకట్ట తెగింది, ఏ తూము కొట్టుకుపోయింది, నీరు ఏ దారిన వచ్చి ఏ దారిన తీసింది, గండి పూడ్చడానికి ముందు ఏం చేసి భంగపడ్డారు, తరువాత ఏం చేసి నెగ్గారు అనేదంతా అందులో ఉంది. 1979లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మాకు శిక్షణ కేంద్రంలో ఆయన ఈ స్లైడులు వేసి రెండు గంటలు మాట్లాడారు. మధ్యలో ఎవరూ టీ అడగలేదు. మరి పదేళ్లకు నేనే శిక్షణార్థులను వెంటబెట్టుకుని వెళ్లి రెండోసారి విన్నాను.

ఆయన పోయిన కొన్నేళ్లకు వారి కోడలు గారు ఇల్లు సర్దుతూ, "మీకైతే ఉపయోగపడతాయేమో అన్నయ్య గారూ" అని ఈ పెట్టె నా చేతికిచ్చారు. తెచ్చుకుని ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాను. 72 స్లైడులలో నేను గట్టిగా "ఇది ఫలానా చోటు" అని చెప్పగలిగినవి 11 మాత్రమే. అట్టల మీద వరస అంకెలు తప్ప వేరే రాత లేదు. ఆయనకు రాసుకోవలసిన అవసరం లేకపోయింది, అన్నీ నోటిమీదే ఉండేవి. బొమ్మలు మిగిలాయి, మాట పోయింది.

బొమ్మనూ మాటనూ ఒకచోట కట్టి ఉంచడానికి మనుషులు ఎన్ని తంటాలు పడ్డారో, ఈనాడు ఆ పని మనలాంటి వాళ్లం కూడా ఇంట్లో కూర్చుని చేసుకునే రోజు ఎలా వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. కంప్యూటరు గొడవ అని పేజీ తిప్పేయవద్దని మనవి. ఈ కథ కంప్యూటరు పుట్టకముందే మొదలైంది.

పటం విప్పి కథ చెప్పినవారు

బొమ్మ తరువాత బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం తెలుగు నేలకు కొత్త కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసిన పొడవాటి పటాలను చాలామంది చూసే ఉంటారు. ఈనాడు వాటిని గోడకు అలంకారంగా తగిలిస్తున్నారు గాని, అవి గోడ కోసం పుట్టినవి కావు. ఒక్కొక్క పటం కొన్ని పదుల అడుగుల పొడవుండేది. అందులో అడ్డంగా గళ్లు, ఒక్కొక్క గడిలో కథలోని ఒక ఘట్టం. పద్మశాలీల కులకథను చెప్పే కూనపులివారి వంటి కథకులు ఊరూరా తిరిగి, పటాన్ని చుట్ట విప్పుకుంటూ, కర్రతో బొమ్మను చూపుతూ, పాటగా, మాటగా కథ నడిపేవారు. ఒక గడి అయిపోతే చుట్ట కొంచెం తిరిగేది, తరువాతి గడి వచ్చేది.

మన కాన్ఫరెన్సు హాళ్లలో కర్ర పట్టుకుని మనం చేసిందీ ఇంచుమించు ఇదే. అయితే ఆ కథకుడి కొడుకు తండ్రి వెంట తిరిగి కథ నేర్చుకునేవాడు. ఆ వరస తెగిన చోట, పటం ఏ కొనుగోలుదారుడి ఇంటికో, ఏ ప్రదర్శనశాలకో చేరి అక్కడ మూగదైంది. మా పెద్దాయన స్లైడులకు పట్టిన గతి దానికీ పట్టింది.

గాజు పలక మీద బొమ్మ

వెలుతురుతో బొమ్మను తెర మీద పెద్దదిగా వేసే యంత్రాన్ని 1659 ప్రాంతంలో హాలెండు శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ తయారు చేశాడు. దానికి మాయాదీపం అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. ఒక దీపం, ఒక కటకం, వాటి మధ్య రంగులు పూసిన గాజు పలక. యంత్రమల్లా ఇంతే. దాదాపు రెండు వందల యాభై ఏళ్ల పాటు యూరపులో వినోదానికీ, మతబోధకూ, విజ్ఞాన ప్రసంగాలకూ ఇదే సాధనమైంది.

మన దేశంలో మహారాష్ట్రలోని కల్యాణ్ పట్టణానికి చెందిన మహదేవ్ గోపాల్ పట్వర్ధన్, ఆయన కుమారులు 1892లో 'శాంబరిక ఖరోలికా' పేరుతో ఈ దీపపు ప్రదర్శనలు మొదలుపెట్టారు. చేత్తో చిత్రించిన గాజు పలకలను వెంట వెంటనే మారుస్తూ, పక్కన నిలబడి కథ చెప్పేవారు. మన దేశంలో సినిమా ఆట మొదలు కావడానికి ఇంకా నాలుగేళ్లు ఉంది.

సినిమా వచ్చిన తరువాత కూడా గాజు పలక పోలేదు. మన ఊరి సినిమా హాలులో ఆట మొదలు కాబోయే ముందు "పొగ త్రాగరాదు", "నిశ్శబ్దముగా ఉండవలెను", ఊళ్లోని బట్టల కొట్టు ప్రకటన, ఇంటర్వెల్లులో "త్వరలో" అంటూ రాబోయే బొమ్మ పేరు, ఇవన్నీ స్లైడులే. నా చిన్నతనంలో వాటిని చదవడంలో మేం పోటీలు పడేవాళ్లం. వాటికి మాట అక్కరలేదు, రాతే మాట.

అట్టచట్రపు స్లైడు, దానికొక టేపు

రంగుల స్లైడు మామూలు మనిషి చేతికి వచ్చింది 1936లో. అంతకు ముందు సంవత్సరం సినిమా కోసం తెచ్చిన కోడాక్రోమ్ ఫిల్మును, కోడక్ కంపెనీ ఆ ఏడాది 35 మిల్లీమీటర్ల కెమేరాలకు కూడా ఇచ్చింది. 1961లో అదే కంపెనీ 'కెరోసెల్' అనే ప్రొజెక్టరును తెచ్చింది. గుండ్రటి పళ్లెంలో 80 స్లైడులు నిలబెట్టి ఉంచితే, మీట నొక్కినప్పుడల్లా ఒకటి కిందికి దిగి వెలుగులో నిలిచేది. స్లైడు తలకిందులుగా పెడితే ఇల్లు తలకిందులుగా కనిపించడం, బల్బు మాడిపోతే క్లాసు వాయిదా పడడం మనలో శిక్షణ ఇచ్చిన వారందరికీ అనుభవమే.

మాటను కూడా జత చేయాలనే ప్రయత్నం అప్పుడే బలపడింది. టేపు రికార్డరులో ఒక ట్రాకు మీద ఉపన్యాసం ఎక్కించేవారు. రెండో ట్రాకు మీద, స్లైడు మారవలసిన చోటల్లా, ప్రొజెక్టరుకు మాత్రమే ఉద్దేశించిన ఒక సంకేతపు ధ్వని పెట్టేవారు. టేపు తిరుగుతుంటే స్లైడులు వాటంతటవే మారేవి. ఈనాటి వీడియో పాఠానికి తాత ఈ పద్ధతే.

మరి మా పెద్దాయన స్లైడులకు అలా టేపు ఎందుకు చేయలేదంటారా? మా శిక్షణ కేంద్రానికి అలాంటి పరికరం కావాలని ఆయన స్వయంగా రెండుసార్లు కాగితం పెట్టారు. ఆ ఫైలు ఎక్కడ నిద్రపోయిందో నాకు తెలియదు. సంకేతాల టేపు మాట అటుంచి, మామూలు క్యాసెట్టు రికార్డరు మాలో చాలామంది ఇళ్లలో ఉండేది. ఒక్కరోజు ఆ బల్ల మీద పెట్టి మీట నొక్కి ఉంటే ఆ రెండు గంటల మాట ఈనాడు మనకు ఉండేది. ఎవరికీ తోచలేదు. రెండోసారి వెళ్లినప్పుడు నాకూ తోచలేదు. ఈ విషయంలో ఫైలును నిందించే హక్కు నాకు లేదు.

కోడక్ వారు 2004లో స్లైడు ప్రొజెక్టర్ల తయారీ మానేశారు. 2009లో కోడాక్రోమ్ ఫిల్మునూ ఆపివేశారు.

ప్లాస్టిక్ కాగితం నుంచి పవర్ పాయింటుకు

ఈలోగా ఓవర్ హెడ్ ప్రొజెక్టరు వచ్చింది. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద స్కెచ్చి పెన్నుతో రాసి, గాజు బల్ల మీద పెడితే గోడ మీద పడేది. సమీక్షా సమావేశాలకు ముందు రోజు రాత్రి పట్టికలన్నీ చేత్తో గీసి, పొద్దున్నే ఆఫీసరు గారు అంకెలు మార్చమంటే ఉమ్మి తడితో తుడిచి మళ్లీ రాసిన రోజులు ఎవరు మరిచిపోతారు?

ఆ ప్లాస్టిక్ కాగితాలను కంప్యూటరుతో అందంగా తయారు చేయాలనే ఆలోచనలోంచే పవర్ పాయింటు పుట్టింది. అమెరికాలో 'ఫోర్ థాట్' అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్ ఆలోచనకు డెనిస్ ఆస్టిన్, థామస్ రడ్కిన్ రూపమిచ్చారు. 1987 ఏప్రిల్‌లో మొదటి రూపం మెకింటోష్ కంప్యూటరు కోసం విడుదలైంది. అందులో రంగులు లేవు. అచ్చు వేసి ఓవర్ హెడ్ ప్రొజెక్టరు మీద పెట్టుకోవడానికే అది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని ఒక కోటి 40 లక్షల డాలర్లకు కొనుక్కుంది. 1990లో విండోస్ కంప్యూటర్లకు వచ్చింది. 1992లో వచ్చిన మూడో రూపంతో, కాగితం జోలి లేకుండా కంప్యూటరు నుంచే తిన్నగా ప్రొజెక్టరుకు పంపే వీలు కలిగింది. అలా గాజూ, ఫిల్మూ, ప్లాస్టిక్కూ అన్నీ పోయి 'స్లైడు' అనే పేరు మాత్రం మిగిలింది.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పవర్ పాయింటు స్లైడు మా పెద్దాయన స్లైడుకన్నా ఎక్కువ మూగది. అందులో నాలుగు ముక్కలు, ఒక పట్టిక ఉంటాయి. మాట్లాడేవాడు ఎదురుగా ఉంటేనే దానికి అర్థం. సమావేశం అయిపోయాక ఆ ఫైలును పది మందికి పంపితే, రాని వాళ్లకు దానివల్ల తెలిసేది బహు తక్కువ. రిటైరైన రోజున మన కంప్యూటరులో వదిలి వచ్చిన స్లైడులు ఈనాడు ఎవరైనా తెరిస్తే వాళ్లకు ఏమి బోధపడుతుందో ఆలోచించండి.

తెరను తెరే ఫొటో తీసుకోవడం

ఇక అసలు విషయానికి వద్దాం. కంప్యూటరు తెర మీద జరుగుతున్నదాన్ని, మాట్లాడుతున్న గొంతుతో సహా, కంప్యూటరే వీడియోగా దాచుకోవడాన్ని 'స్క్రీన్ రికార్డింగు' అంటున్నారు. ఎదురుగా కెమేరా అక్కరలేదు, లైట్లు అక్కరలేదు. తెర మీద స్లైడు నడుస్తూ ఉంటే సాఫ్ట్‌వేరు దాన్ని సెకనుకు ఇన్నిసార్లని ఫొటో తీస్తూ, మైకులోంచి వచ్చే మాటను పక్కన చేరుస్తూ పోతుంది.

వినడానికి తేలిక. చేయడానికి మొదట్లో చాలా కష్టమైంది. లెక్క చూడండి. 1990లలో మామూలు తెరకు అడ్డం 640, నిలువు 480 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఒక బైటు చొప్పున ఒక్క ఫొటోకు 3,07,200 బైట్లు. సెకనుకు పది ఫొటోలే తీసినా ముప్పై లక్షల పైచిలుకు. ఆనాటి ఫ్లాపీ అర సెకనుకే నిండిపోతుంది. ఈనాటి తెరకు 1,920 అడ్డం, 1,080 నిలువు చుక్కలు, చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 30 ఫొటోలు అనుకుంటే, నాలుగు సెకన్లు నిండకుండానే ఒక సీడీ నిండిపోవాలి.

అలా నిండకుండా కాపాడింది ఒక చిన్న ఉపాయం. స్లైడు వేసి మనం రెండు నిమిషాలు మాట్లాడినంతసేపూ తెర మీద కదిలేది ఏముంది? మహా అయితే మౌసు బాణం. కనుక మొత్తం ఫొటోను మళ్లీ మళ్లీ రాయకుండా, ముందటి ఫొటోకూ దీనికీ ఎక్కడ తేడా వచ్చిందో అంతమేరకే రాసుకుంటే సరిపోతుంది. మన ఆఫీసుల్లో ప్రతి నెలా కొత్త రిజిస్టరు రాయకుండా మార్పులూ చేర్పులూ మాత్రమే నమోదు చేసుకున్నట్టు. అందుకే సినిమాకన్నా స్లైడుల ఉపన్యాసం చాలా తక్కువ చోటులో ఇమిడిపోతుంది.

ఈ పని చేసే తొలి సాఫ్ట్‌వేర్లలో పేరున్నది 1990ల తొలి భాగంలో లోటస్ కంపెనీ తెచ్చిన 'స్క్రీన్ క్యామ్'. మైక్రోసాఫ్ట్ వారు 1997 నాటి ఆఫీసు సాఫ్ట్‌వేరుతో 'క్యామ్ కార్డర్' అనే దాన్ని ఇచ్చారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన టెక్ స్మిత్ కంపెనీ, తెరను ఒక్క ఫొటోగా దాచే 'స్నాగిట్'ను 1990లో తెచ్చి, తరువాత వీడియోగా దాచే 'క్యామ్టేషియా'తో ప్రసిద్ధి కెక్కింది. 2004లో జాన్ ఉడెల్ అనే పత్రికా రచయిత ఇలాంటి వీడియోలకు ఒక పేరు సూచించమని తన పాఠకులను అడిగితే, వచ్చిన పేర్లలోంచి 'స్క్రీన్ క్యాస్ట్' స్థిరపడింది.

అదే 2004లో సల్మాన్ ఖాన్ అనే ఆయన అమెరికాలో ఒక ఊరి నుంచి మరో ఊళ్లో ఉన్న తన బంధువుల అమ్మాయికి ఫోనులో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. (సినిమా నటుడు కాదు. ఈయన తల్లిదండ్రుల మూలాలు బెంగాలు ప్రాంతంలో ఉన్నాయి.) క్రమంగా పిల్లలు ఎక్కువయ్యారు. అందరికీ వేళ కుదరక, 2006 నుంచి నల్లటి తెర మీద రంగుల గీతలతో లెక్క చేస్తూ, గొంతుతో వివరిస్తూ, ఆ తెరను రికార్డు చేసి యూట్యూబులో పెట్టాడు. ఆ పాఠాలే ఖాన్ అకాడమీ అయ్యాయి. తనను ఎదురుగా చూడడంకన్నా వీడియోలో చూడడమే తమకు నచ్చిందని ఆ పిల్లలు తనతో అన్నారని ఆయనే తరువాత నవ్వుతూ చెప్పుకున్నాడు. కారణం ఊహించడం కష్టం కాదు. అర్థం కానప్పుడు వెనక్కి తిప్పి పదిసార్లు వినవచ్చు. "మళ్లీ చెప్పండి" అని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

మన దేశంలో, మన భాషలో

టీవీ పాఠం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చూపిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలిసింది. 1984 ఆగస్టు 15 నుంచి యూజీసీ పాఠాలు దూరదర్శనులో వచ్చాయి. కాని వీటన్నిటికీ స్టూడియో కావాలి, కెమేరామన్ కావాలి, అనుమతి కావాలి. పాఠం చెప్పగలవాడు తన గదిలో తానే చేసుకోగల పని కాదు.

తెర రికార్డింగును మన దేశానికి తగినట్టు మలచిన గొప్ప ప్రయత్నం బొంబాయి ఐఐటీలో జరిగింది. కెమికల్ ఇంజనీరింగు ఆచార్యులు కన్నన్ మౌద్గల్య గారి నాయకత్వంలో, కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచిన దాని పేరు 'స్పోకెన్ ట్యుటోరియల్'. ఒక్కొక్క పాఠం సుమారు పది నిమిషాలు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లను ఎలా వాడాలో తెర మీద చేసి చూపిస్తారు. ముందు మాటలన్నీ కాగితం మీద రాసుకుంటారు. ఆ విషయం బొత్తిగా తెలియని మనిషికి ఇచ్చి, అర్థమవుతుందో లేదో చూస్తారు. ఆ తరువాతే రికార్డు చేస్తారు. తెర మీద ఇంగ్లీషు అలాగే ఉంటుంది, ఎందుకంటే ఉద్యోగంలో ఎదురయ్యేది అదే. వినిపించే మాటను మాత్రం తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి మారుస్తారు. గురువు లేని ఊళ్లో కూడా పిల్లవాడు సగం తెరలో పాఠం పెట్టుకుని, మిగతా సగంలో తాను చేసుకుంటూ నేర్చుకోవచ్చు.

2020 మార్చి 25న దేశమంతా లాక్ డౌను పడిన తరువాత సంగతి మీకు తెలిసిందే. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానలు ఆ పని చేసింది. అవి కాక, పల్లెటూరి బడి పంతులు నుంచి ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు దాకా తమ స్లైడులను తామే రికార్డు చేసి పిల్లల ఫోన్లకు పంపడం నేర్చుకున్నారు. నలభై ఏళ్లు సుద్దముక్క తప్ప మరొకటి పట్టని మా బావమరిది ఆరు పదుల వయసుకు దగ్గర్లో, అర్ధరాత్రి దాకా కూర్చుని "నా గొంతు రావడం లేదేమిట్రా" అని కొడుకును నిద్రలేపిన రోజులవి. అంతకు ముందు పదేళ్లకు పైగా సాఫ్ట్‌వేరులో ఉన్న సౌకర్యం, అవసరం పడి ఆ నాలుగు నెలల్లో ఇంటింటికీ వచ్చింది.

రేకు పెట్టె సంగతి

ఆ బావమరిదే నన్ను అడిగాడు, "బావగారూ, ఆ స్లైడులు అలా బీరువా మీద పెట్టుకుని ఏడవకపోతే కంప్యూటరులోకి ఎక్కించరాదూ?" అని.

ఫొటో స్టూడియోలో 72 స్లైడులనూ స్కాను చేయించాను. కొన్నింటికి బూజు పట్టింది, నాలుగైదు ఎర్రబారాయి. మా మనవరాలు వాటిని పవర్ పాయింటులో వరసగా పేర్చి పెట్టింది. ఇప్పుడు మాట కావాలి. ఎవరిని అడగాలి? ఆనాటి ఇంజనీర్లలో మిగిలినవాళ్లం తక్కువ. చివరికి, 1977లో ఆ సెక్షనులో లస్కరుగా పనిచేసిన ఆయన అవనిగడ్డ దగ్గర కొడుకు ఇంట్లో ఉన్నాడని తెలిసింది. వయసు డెబ్బై దాటింది. చూపు కొంచెం తగ్గింది గాని జ్ఞాపకం తగ్గలేదు. లాప్‌టాపు పట్టుకుని మనవరాలితో సహా వెళ్లాను.

మొదటి బొమ్మ వేయగానే ఆయన కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చారు. "ఏఈ గారూ, ఇది తూము కాదండీ, తూము ఉన్న చోటు. తూము అదుగో, ఆ తాటిచెట్టు పక్కన పడుంది చూడండి" అన్నారు. నేను నలభై ఏళ్లుగా ఆ బొమ్మలో తూమునే చూస్తున్నాననుకున్నాను. అలా 34 బొమ్మలు గుర్తుపట్టారు. ఒక బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇది మా ఊరేనండి" అన్నారు. మేం రికార్డింగు ఆపలేదు. ఆ మౌనం కూడా వీడియోలో ఉంది. దాన్ని కోసేయమని నేను చెప్పలేదు, మనవరాలూ కోయలేదు.

అన్నట్టు, మొదటి రోజు గంటన్నర చేసిన రికార్డింగులో బొమ్మలున్నాయి గాని గొంతు లేదు. మైకు మీట నొక్కలేదట! మరుసటి రోజు మళ్లీ చెప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే, "రేపు రండి, ఇవాళ మరిచిపోయినవి కూడా చెబుతాను" అన్నారు.

ఇతర మిత్రులు మరో తొమ్మిది గుర్తుపట్టారు. నావి 11. మొత్తం 54 స్లైడులకు మాట దొరికింది. మిగతా 18 అలాగే ఉన్నాయి. అవి ఇక మాట్లాడవేమో. మన సభ్యులలో ఆ ప్రాంతంలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే వచ్చే సమావేశానికి లాప్‌టాపు తెస్తాను, దయచేసి ఒక్కసారి చూడండి.

మనం చేయదగినది

సభ్యులు కొందరైనా ఈ పనికి పూనుకుంటారనే ఆశతో నేను నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

పవర్ పాయింటులోనే స్లైడు ప్రదర్శనను గొంతుతో రికార్డు చేసే ఏర్పాటు ఉంది. 2010 నాటి రూపం నుంచి దాన్ని వీడియోగా దాచుకోవచ్చు. అందులో సుఖం ఏమిటంటే ఏ స్లైడు మాట ఆ స్లైడుకే అతుక్కుని ఉంటుంది. ఒకచోట తడబడితే ఆ ఒక్క స్లైడే మళ్లీ చెప్పుకోవచ్చు. తెర మొత్తాన్ని రికార్డు చేయడానికి 2012లో మొదలై ఈనాటికీ ఉచితంగా దొరుకుతున్న 'ఓబీఎస్' ఉంది. కొత్త ఫోన్లలో తెరను రికార్డు చేసే మీట ముందే ఉంటుంది.

ముందు ఒక నిమిషం చేసి, గొంతు వచ్చిందో లేదో విని, ఆ తరువాతే అసలు పని మొదలుపెట్టండి. ఈ పాఠానికి నేను గంటన్నర ఫీజు కట్టాను. ఫ్యాను ఆపండి. ఒక్కొక్క వీడియో పది నిమిషాలకు మించనీయకండి. చెప్పేవారి పేరు, ఊరు, తేదీ మొదట్లోనే చెప్పించండి.

ఒక హెచ్చరిక. రికార్డింగుకు తెర మీద ఉన్నదంతా ఒకటే. పింఛను పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా తెరిచి ఉంటే అవీ వీడియోలోకి వెళతాయి. ముందే మూసేయండి. ఇంకొకటి, మన తెరను మనం రికార్డు చేసుకోవడం వేరు, మన తెరను ఇంకొకరికి చూపించడం వేరు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి ఫోనులో ఏదో ఆప్ వేసుకోమని, తెర చూపించమని ఎవరైనా అడిగితే ఫోను పెట్టేయండి. మన వయసువాళ్ల పొదుపు సొమ్ము ఆ దారినే ఎక్కువ పోతోంది.

నవంబరు నెల వచ్చేసరికి జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి మనం బారులు తీరుతాం. 2014 నుంచి అది కంప్యూటరు ద్వారా కూడా ఇస్తున్నాం. బతికి ఉన్నామని ప్రభుత్వానికి ఏటా చెప్పుకుంటున్నాం. ఆ పనితో పాటే, మనకు తెలిసినది ఏదో ఒకటి, కాలవ లాకుల సంగతి గాని, పాత సెటిల్మెంటు రికార్డులు చదివే పద్ధతి గాని, వార్డులో నర్సుగా ఎదుర్కొన్న మశూచి రోజులు గాని, నాలుగు బొమ్మలు పెట్టి పది నిమిషాలు మాట్లాడి పిల్లలకు ఇస్తే బాగుంటుందని నా మనవి.

లస్కరు గారి వీడియో ప్రతిని పెద్దాయన కోడలు గారికి పంపాను. ఆమె మర్నాడు ఫోను చేసి, "మామయ్య గారి గొంతు కూడా ఎక్కడైనా ఉందా అన్నయ్య గారూ?" అని అడిగారు. లేదమ్మా అని చెప్పాను.